ఏడో నెల చలిమిడి, మాయ హార్మోన్లు, బాలింత పథ్యం

"ఇప్పుడు నువ్వు ఇద్దరి తిండి తినాలమ్మా" అని కడుపుతో ఉన్న అమ్మాయికి చెప్పని ఇల్లు మన దగ్గర ఉండదు. చెప్పినవాళ్ళు ప్రేమతోనే చెబుతారు. ఆ మాట తర్వాత కంచంలో పెరిగేది మాత్రం ఎప్పుడూ అన్నమే.

లెక్క చూద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకు అదనంగా కావలసింది సుమారు 350 కిలో కేలరీలు. మొదటి మూడు నెలల్లో అదనంగా ఏమీ అక్కర్లేదు. మాంసకృత్తులు మాత్రం నాలుగు నుంచి ఆరు నెలల దాకా రోజుకు 9.5 గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాములు ఎక్కువ కావాలి. ఒక ఉడికించిన గుడ్డు, 200 మి.లీ. పాలు, గుప్పెడు (30 గ్రాములు) వేయించిన వేరుశనగ గుళ్ళు తింటే ఆ కేలరీలన్నీ వచ్చేస్తాయి, మాంసకృత్తులు కూడా 20 గ్రాముల దాకా అందుతాయి. "రెండో మనిషి" తిండి మొత్తం ఇంతే. అదే 350 కేలరీలు తెల్లన్నం రూపంలో తింటే మాంసకృత్తులు ఎనిమిది గ్రాములు దాటవు, పిండిపదార్థం మాత్రం 75 గ్రాముల పైమాటే. గర్భం చివరి నెలల్లో తల్లి శరీరానికి కష్టమయ్యేది సరిగ్గా ఆ పిండిపదార్థాన్ని సంభాళించుకోవడమే. దానికి కారణం మాయ (ప్లాసెంటా).

మాయ అంటే బిడ్డకు తిండి అందించే సంచి అని చాలామంది అనుకుంటారు. అదొక పెద్ద హార్మోన్ల గ్రంథి కూడా. తల్లి శరీరం ఏ ఇంధనాన్ని ఎలా వాడుకోవాలో తొమ్మిది నెలలూ అదే నిర్ణయిస్తుంది. నెల మారేకొద్దీ దాని ఆదేశాలూ మారతాయి. అందుకే మూడో నెలలో సరిపోయిన తిండి ఏడో నెలలో సరిపడదు, ఏడో నెలలో మానమన్నది బాలింతకు మళ్ళీ పెట్టాల్సి వస్తుంది.

మొదటి మూడు నెలల గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే అప్పుడు తినగలిగిందే తిండి. వేవిళ్ళకు గర్భ పరీక్షలో కనిపించే హెచ్‌సీజీ హార్మోనే కారణమని చాలాకాలం అనుకున్నారు. మాయ నుంచి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోను పాత్ర పెద్దదని 2023లో వచ్చిన పరిశోధన చూపించింది. గర్భానికి ముందు ఒంట్లో అది తక్కువగా ఉన్నవాళ్ళకు ఒక్కసారిగా పెరిగినప్పుడు వాంతులు ఎక్కువవుతాయి. కాబట్టి "మనసు గట్టిగా పెట్టుకో" అన్న సలహా పనిచేయదు. కడుపు ఖాళీగా ఉంచకుండా రెండు గంటలకోసారి కొంచెం పొడిగా ఏదైనా తినడం, నీళ్ళు భోజనంతో కాక మధ్యమధ్యలో గుక్కగుక్కగా తాగడం ఉపయోగపడతాయి. రోజంతా నీళ్ళు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో కొద్దిగానే వస్తున్నా ఇంట్లో కూర్చోకూడదు, సెలైన్ పెట్టించుకోవాలి.

ఈ నెలల్లో నిజంగా పట్టించుకోవలసింది థైరాయిడ్. గర్భంలో మొదటి మూడు నెలలు బిడ్డ మెదడుకు అందే థైరాయిడ్ హార్మోను పూర్తిగా తల్లిదే, బిడ్డ గ్రంథి ఇంకా పని అందుకోదు. తల్లికి ముందే థైరాయిడ్ మాత్ర వాడకం ఉంటే, గర్భం అని తెలిసిన వెంటనే డాక్టర్లు మోతాదు పాతిక నుంచి ముప్ఫై శాతం పెంచుతారు. చాలాచోట్ల దాన్ని వారానికి ఏడు మాత్రలకు బదులు తొమ్మిది అని చెబుతారు. ఈ పెంపు కోసం నెల చివర చెకప్ దాకా ఆగకూడదు, ఫోన్ చేసి అడగాలి. మాత్ర పరగడుపున నీళ్ళతో వేసుకుని, ఐరన్, కాల్షియం మాత్రలకు కనీసం నాలుగు గంటలు ఎడం ఉంచాలి. మూడూ కలిపి టిఫిన్ తర్వాత మింగేస్తే థైరాయిడ్ మందు పేగులోనే చిక్కుకుపోతుంది, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే రక్తపరీక్షలో పెరిగే అంకె) ఎందుకు దిగడం లేదో ఎవరికీ అర్థం కాదు. ఇంకో మాట. ఆరోగ్యం పేరుతో ఇంట్లో అయోడిన్ ఉప్పు తీసేసి సైంధవ లవణం ఒక్కటే వాడేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. అందులో చెప్పుకోదగ్గ అయోడిన్ ఉండదు. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. మామూలు అయోడిన్ ఉప్పు కొని, మూత ఉన్న డబ్బాలో పోసి, కూర దించే ముందు వేస్తే చాలు.

ఇక అసలు సంగతికి వద్దాం.

నాలుగో నెల దాటాక మాయ నుంచి ప్లాసెంటల్ లాక్టోజెన్, మాయ తయారుచేసే గ్రోత్ హార్మోను, ప్రొజెస్టిరాన్ పెరుగుతూ పోతాయి. తల్లి రక్తంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ కూడా పెరుగుతుంది. ఇవన్నీ కలిసి తల్లి కండరాలను ఇన్సులిన్ మాట విననివ్వవు. తల్లి కొవ్వును ఇంధనంగా వాడుకోవాలి, గ్లూకోజు బిడ్డకు మిగలాలి, ఏర్పాటు అదీ. నెలలు నిండేసరికి తల్లి శరీరం ఇన్సులిన్‌కు స్పందించడం దాదాపు సగానికి పడిపోతుంది. దాన్ని పూడ్చడానికి క్లోమం రెండింతలకు పైగా ఇన్సులిన్ తయారుచేయాలి. తమాషా ఏమిటంటే, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను పెంచి ఆ పనికి సిద్ధం చేసేదీ ఆ లాక్టోజెనే. చాలామందిలో ఈ తూకం కుదురుతుంది. అమ్మకో నాన్నకో షుగర్ ఉన్నవాళ్ళలో, గర్భానికి ముందే నడుము చుట్టూ కొవ్వు చేరినవాళ్ళలో, నెలసరి తప్పే పీసీఓఎస్ ఉన్నవాళ్ళలో కుదరదు. అదే గర్భధారణ షుగర్.

గ్లూకోజు మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ చేరదు. డెన్మార్క్ వైద్యుడు పెడర్సన్ 1950ల్లోనే ఈ మెలిక పట్టుకున్నాడు. తీపి ఎక్కువైన రక్తం అందిన బిడ్డ క్లోమం తనే ఇన్సులిన్ పోయడం మొదలుపెడుతుంది. బిడ్డకు ఇన్సులిన్ అంటే ఎదుగుదల హార్మోనే. పొట్ట, భుజాలు కొవ్వు పడతాయి, కాన్పులో తల బయటికి వచ్చాక భుజం ఇరుక్కునే ప్రమాదం పెరుగుతుంది. బొడ్డుతాడు కోసిన క్షణం తల్లి గ్లూకోజు ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ మాత్రం ఇంకా పోస్తూనే ఉంటుంది. మొదటి కొన్ని గంటల్లో పసిబిడ్డ షుగర్ పడిపోవడానికి కారణం ఇదే. అందుకే ఇలాంటి తల్లి గంటలోపు బిడ్డకు ముర్రుపాలు పట్టించడం తప్పనిసరి, బిడ్డ మడమ గుచ్చి చూసే షుగర్ 45 మి.గ్రా. కంటే తగ్గకూడదు. తేనె నాకించడం, పంచదార నీళ్ళు పోయడం దీనికి మందు కాదు.

ఇప్పుడు మన క్యాలెండర్ చూడండి. ఈ ఇన్సులిన్ నిరోధకత బలంగా పైకి లేచేది 24 నుంచి 28 వారాల మధ్య, అంటే ఏడో నెల. చాలా ఇళ్ళలో సీమంతం జరిగేదీ, పుట్టింటివాళ్ళు చలిమిడి, సున్నుండలు, అరిసెలు పట్టుకొచ్చేదీ ఏడో నెలలోనే. చలిమిడి అంటే తడి బియ్యప్పిండి, బెల్లం. ఒడిలో పెట్టించుకోండి, అందరికీ పంచండి, తను ఒక ముక్క తినాలి. మిగతా డబ్బా వారం రోజులు పక్కన పెట్టుకుని తినడమే ఇబ్బంది. బెల్లం మంచిది కదా అంటారు. రక్తంలోకి వెళ్ళాక బెల్లానికీ పంచదారకూ పెద్ద తేడా లేదు. బెల్లంలో ఉందనుకునే ఐరన్ కోసం అంత తీపి తినడం నష్టపు బేరం.

పరీక్ష ఎలా చేస్తారో, ఎక్కడ తప్పుతుందో తెలుసుకోవాలి. మన దేశంలో ప్రభుత్వం పాటించే పద్ధతికి డిప్సి (గర్భంలో షుగర్‌పై పనిచేసే భారతీయ వైద్యుల బృందం ఇంగ్లీషు పేరుకు పొట్టి రూపం) అని పేరు. చెన్నై వైద్యుడు శేషయ్య, ఆయన సహచరులు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఆయన పుట్టినరోజైన మార్చి 10ని గర్భధారణ షుగర్ అవగాహన దినంగా జరుపుతున్నారు. తిని వచ్చినా, పరగడుపున వచ్చినా ఫరవాలేదు. 75 గ్రాముల గ్లూకోజు 300 మి.లీ. నీళ్ళలో కలిపి ఐదు పది నిమిషాల్లో తాగాలి, రెండు గంటలకు రక్తం చూడాలి. 140 మి.గ్రా., ఆపైన ఉంటే గర్భధారణ షుగర్ ఉన్నట్టే. మొదటి చెకప్‌లో ఒకసారి, 24-28 వారాల మధ్య రెండోసారి చేయించాలి. మొదటిసారి మామూలుగా వచ్చిందని రెండోది మానేయడం అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు. మొదటిసారి చూసేనాటికి మాయ ఇన్సులిన్‌ను అడ్డుకునే పని ఇంకా మొదలుపెట్టనే లేదు. తాగిన అరగంటలోపు వాంతి అయితే ఆ రోజుకు పరీక్ష చెల్లదు, మర్నాడు మళ్ళీ చేయాలి. అరగంట దాటాక అయితే కొనసాగించవచ్చు. 100 గ్రాముల ప్యాకెట్ మొత్తం కలిపేయడం, మధ్యలో టీ తాగడం, రెండు గంటలూ బజారులో తిరిగి రావడం, ఇవన్నీ అంకెను మార్చేస్తాయి. పరీక్ష "పాస్" కావాలని ముందు మూడు రోజులు అన్నం మానేసి వచ్చేవాళ్ళూ ఉన్నారు. దాంతో అంకె తగ్గకపోగా పెరగవచ్చు, ఎందుకంటే పస్తున్న శరీరం ఒక్కసారిగా వచ్చిన గ్లూకోజును సరిగా తీసుకోలేదు.

షుగర్ తేలితే మొదటి రెండు వారాలు తిండి, నడకతోనే ప్రయత్నిస్తారు. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలి. రెండు వారాల తర్వాత కూడా భోజనానంతర షుగర్ 120, ఆపైనే ఉంటే మెట్‌ఫార్మిన్ మాత్ర గానీ ఇన్సులిన్ సూది గానీ మొదలుపెడతారు. "సూది మొదలుపెడితే జన్మంతా వదలదు, బిడ్డకు కూడా వస్తుంది" అన్న భయం వల్ల చాలామంది వారాలు పోగొట్టుకుంటారు. వేసుకున్న ఇన్సులిన్ మాయ దాటదు. మాయ బయటికి వచ్చేశాక చాలామందికి ఆ సూది అవసరం కాన్పు రోజే తీరిపోతుంది.

కంచం సంగతి. ఒక కప్పు (సుమారు 150 గ్రాములు) ఉడికిన అన్నంలో 40 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది. మామూలుగా మనం ఒక పూట తినేది రెండున్నర, మూడు కప్పులు, దాని పక్కన రెండు చెంచాల కూర. దీన్ని తిరగేయాలి: అన్నం ఒక కప్పు, కూర ఒక కప్పు, ముద్దపప్పో గుడ్డో చేపో ఒక కప్పు, చివర చిన్న గిన్నెడు పెరుగు. ముందు కూర, పప్పు సగం తిని తర్వాత అన్నం కలుపుకుంటే షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. తెలంగాణ సోనా రకం బియ్యానికి గ్లైసీమిక్ సూచిక (తిన్నాక షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) తక్కువన్నది నిజమే, కానీ మూడు కప్పులు తింటే ఏ బియ్యమైనా ఒకటే. జొన్న రొట్టెకు మారినా రొట్టెలు లెక్కపెట్టుకోవాల్సిందే.

ఉదయం పూట జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోను పెరిగి ఉంటాయి, అందుకని అదే ఇడ్లీ రాత్రి కంటే పొద్దున ఎక్కువ షుగర్ చూపిస్తుంది. ఆరు ఇడ్లీలు, అల్లం పచ్చడి కాకుండా రెండు ఇడ్లీలు, గిన్నెడు చిక్కటి సాంబారు, ఒక గుడ్డు. లేదా పెసరట్టు, ఉప్మా లేకుండా. బాగా మోసం చేసేది రాగి జావ. రాగులు మంచివే. మెత్తగా పట్టించి, పల్చగా కాచి, బెల్లం వేసి గ్లాసుతో తాగితే గింజకున్న గుణం పోతుంది, పేగు దాన్ని నిమిషాల్లో పీల్చేస్తుంది. రాగి రొట్టెగానో, చిన్న సంకటి ముద్దగా చేసి పప్పుతోనో తినడం నయం. పండ్లు రసం తీయకుండా, భోజనంతో కాకుండా, సాయంత్రం ఒక జామకాయో చిన్న యాపిలో తినొచ్చు. మామిడి కాలంలో రోజుకు నాలుగు ముక్కలు తింటే కొంప మునగదు, కాయకు కాయ తింటేనే ఇబ్బంది. మూడు పూటలా తిన్నాక పది పదిహేను నిమిషాలు ఇంట్లోనే అటూఇటూ నడవాలి. నడిచే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజు లాక్కుంటుంది. మాయ అడ్డుపెట్టలేని దారి ఇదొక్కటే అనుకోవచ్చు.

పరగడుపు అంకె ఎక్కువ వస్తోందని రాత్రి భోజనం మానేసేవాళ్ళున్నారు. ఆ అంకె రాత్రంతా కాలేయం వదిలే గ్లూకోజుది. పస్తుంటే కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరుగుతాయి తప్ప లాభం లేదు. ఎనిమిదింటికి భోజనం, పడుకునేముందు పంచదార లేని పాలు, నాలుగు బాదం గింజలు. అప్పటికీ దిగకపోతే అది మందుతో తగ్గాల్సిన అంకె, తల్లి తప్పు కాదు.

ఎక్కువ తిండి గురించే చెబితే సగమే చెప్పినట్టు. మన పల్లెల్లో తక్కువ తిండి సమస్య ఇంకా పోలేదు. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి కొన్ని గ్రామాల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ళలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా వండి పెట్టారు. తల్లులకు అందింది రోజుకు సుమారు 500 కిలో కేలరీలు, 20-25 గ్రాముల మాంసకృత్తులు. ఆ పిల్లలు 13-18 ఏళ్ళ వాళ్ళయ్యాక పరీక్షిస్తే, ఉప్మా అందని గ్రామాల పిల్లల కంటే 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు, వాళ్ళలో ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువగా ఉంది. ఖరీదైన పొడి డబ్బా ఏదీ చేయని పని ఒక గిన్నెడు ఉప్మా చేసింది. అంగన్‌వాడీలో పెట్టే గుడ్డునూ పాలనూ ఇంటికి తెచ్చి అందరికీ పంచేవాళ్ళు ఈ సంగతి ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి.

పుణెలో వైద్య పరిశోధకుడు యాజ్ఞిక్ బృందం చూపించినది దీనికి మరో కోణం. మన పిల్లలు బరువు తక్కువతో పుట్టినా వాళ్ళలో తగ్గేది కండ, కొవ్వు అంతగా తగ్గదు. ఫోలేట్ ఎక్కువగా ఉండి, విటమిన్ బీ12 తక్కువైన తల్లుల పిల్లల్లో ఆరేళ్ళకే ఇన్సులిన్ నిరోధకత ఎక్కువ కనిపించింది. దీన్ని చూసి ఫోలిక్ యాసిడ్ మానకూడదు, బిడ్డ వెన్నుపాము మూసుకోవడానికి అది కావాలి. శాకాహారులు మాత్రం బీ12 పరీక్ష చేయించుకుని, తక్కువుంటే మాత్ర అడగాలి. పాలు, పెరుగుతో అది అన్నిసార్లూ పూడదు.

ఐరన్ మాత్ర విషయంలో మాత్ర కంటే వేళ ముఖ్యం. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. గర్భంలో 180 రోజులు, కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాలి. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే మోతాదు పెంచుతారు. టీ, కాఫీలకు ముందూ వెనకా గంటైనా ఎడం ఉండాలి. కాల్షియం మాత్ర (500 మి.గ్రా., రోజుకు రెండుసార్లు) భోజనంతో, ఐరన్ భోజనానికి రెండు గంటల తర్వాత నిమ్మనీళ్ళతో. వికారంగా ఉంటే రాత్రి పడుకునేముందు. మలం నల్లగా వస్తుంది, భయపడనక్కర్లేదు. మలబద్ధకానికి సగం కారణం మాత్ర కాదు, పేగును మందగింపజేసే ప్రొజెస్టిరాన్. ఇంకొకటి, దగ్గుకు అతిమధురం ముక్క నమలడం గర్భంలో వద్దు. తల్లి కార్టిసాల్ బిడ్డకు చేరకుండా మాయలో ఒక ఎంజైము కాపలా ఉంటుంది, అతిమధురం దాన్ని పడుకోబెడుతుంది.

మాయ బయటికి వచ్చిన గంటల్లోనే ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, అప్పటిదాకా దాని చాటున ఆగిన, పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్‌కు దారి దొరుకుతుంది. రెండో మూడో రోజుకు పాలు నిండుగా పడతాయి. అప్పటిదాకా వచ్చే ముర్రుపాలు చెంచాల లెక్కే, బిడ్డ పొట్టకు అవి చాలు. "పాలు పడలేదు" అని ఈ రెండు రోజుల్లో డబ్బా పాలు పట్టడమే తర్వాత నిజంగా పాలు పడకపోవడానికి దారి. రాత్రిళ్ళు ప్రొలాక్టిన్ ఎక్కువ కాబట్టి రాత్రి పట్టడం మానకూడదు. నొప్పి, దిగులు పాలను దింపే ఆక్సిటోసిన్ హార్మోనును అడ్డుకుంటాయి, పాలున్నా దిగవు. అందుకే సిజేరియన్ నొప్పికి మాత్ర వేసుకోవడం పాలకు మేలే.

ఇక పథ్యం. నువ్వులపొడి, నెయ్యి, వెల్లుల్లి కారంతో నాకు పేచీ లేదు. వెల్లుల్లి వాసన పాలలోకి వస్తుంది, పిల్లలు ఇష్టంగానే తాగుతారు. పేచీ తీసేసిన వాటితోనే. "పప్పు తింటే కుట్లు చీము పడతాయి", "కూరలు చలవ", "నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుంది" అని చెప్పి నెల రోజులు తెల్లన్నం, కారప్పొడి పెడతారు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కిలో కేలరీలు, 17 గ్రాముల మాంసకృత్తులు అదనంగా కావలసిన సమయం అది. కుట్లు మానాలన్నా మాంసకృత్తులే కావాలి.

నీళ్ళు తాగనివ్వకపోవడం మరీ ప్రమాదం. గర్భంలో హార్మోన్లు రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి, అది కాన్పు తర్వాత కూడా ఆరు వారాల దాకా పూర్తిగా తగ్గదు. దానికి నీళ్ళు తక్కువ కావడం, మంచం దిగకపోవడం తోడైతే కాలి సిరల్లో, మెదడు సిరల్లో గడ్డలు కట్టవచ్చు. బాలింతకు ఆగని తలనొప్పి, వాంతులు, చూపు మసక, ఫిట్స్ వస్తే "బాలింత వాతం" అని ఇంట్లో ఉంచకుండా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇంకొకటి విటమిన్ బీ1, థయామిన్. తల్లి తిన్న ఐరన్, కాల్షియం ఎంతైనా పాలలో వాటి పాళ్ళు పెద్దగా మారవు. బీ1, బీ12, అయోడిన్ అలా కాదు, తల్లికి తక్కువైతే పాలలోనూ తక్కువే. పాలిష్ పట్టిన బియ్యం నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి, పప్పు లేకుండా తింటే బీ1 ఎక్కడా రాదు. పైన తాంబూలంలోని వక్క ఉన్న కాస్తనూ పాడుచేస్తుంది. ఒకప్పుడు కోస్తాలోని ఉత్తర సర్కారు జిల్లాల్లో బీ1 లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు పాతుకుపోయి ఉండేది. బాలింత పథ్యం గట్టిగా పాటించే కర్ణాటక ప్రాంతాల నుంచి, కశ్మీరు నుంచి పసిపిల్లల బెరిబెరి కేసులు ఈ మధ్య దాకా నమోదయ్యాయి. రెండు మూడు నెలల బిడ్డ పాలు తాగడం మానేసి, ఏడుపు గొంతు బొంగురుపోయి, ఆయాసపడితే న్యుమోనియా అనుకుంటారు. థయామిన్ సూది పడితే గంటల్లో తేరుకునే జబ్బు ఇది. తల్లి ఏం తింటోందో డాక్టరుకు చెప్పాలి, అడగకపోయినా. ఇంట్లో చేయగలిగింది తేలిక: ఉప్పుడు బియ్యం లేదా తక్కువ పాలిష్ బియ్యం ఒకసారి కడిగి, గంజి వార్చకుండా ఇగరబెట్టి, రోజూ పెసరపప్పో కందిపప్పో పెట్టి, వక్క మానిపించడం.

గర్భంలో షుగర్ వచ్చినవాళ్ళు కాన్పు తర్వాత ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష మళ్ళీ చేయించుకోవాలి, ఈసారి పరగడుపున. గర్భంలో షుగర్ రానివాళ్ళతో పోలిస్తే వీళ్ళకు తర్వాత జీవితంలో షుగర్ వచ్చే అవకాశం ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ. బిడ్డకు మొదటి పెంటావాలెంట్ టీకా వేయించేది కూడా ఆరు వారాలకే. ఆ రోజు ఉదయం ఏమీ తినకుండా బయల్దేరి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని వెళ్తే ఒక్క ప్రయాణంలో రెండు పనులూ అవుతాయి. ఫలితం మామూలుగా వచ్చినా ఏడాదికోసారి చూపించుకోవాలి, మళ్ళీ గర్భం అనుకుంటే ముందే చూపించుకోవాలి.